పుట్టింటివారు పెట్టిన పసుపు కుంకుమ

నా పేరు అడగకండి. ఊరు బెంగళూరు. వీధి బళేపేట. అక్కడ గాజుల అంగళ్ళు బోలెడున్నాయి, వాటిలో ఒకటి మాది. అంతవరకే చెబుతాను.

బెంగళూరు దగ్గర, మా పుట్టినూరు దొడ్డబళ్ళాపురంలో ఒక మరమగ్గాల షెడ్డు ఉంది. రేకుల కప్పు, బండల నేల, పట్టుచీరలు నేసే మగ్గాలు. కాగితాల్లో అది నాది. ఆ షెడ్డును ఇన్నేళ్ళుగా గుండెల మీద మోస్తున్నాను. పడుకుంటే బరువు. లేస్తే బరువు. ఎవరితోనైనా చెప్పుకుందామని నోరు తెరిచినప్పుడల్లా ఏదో ఒక తిట్టు బయటికి వచ్చేది, అసలు మాట లోపలే ఉండిపోయేది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. జాలిపడమని కాదు. విన్నాక ఛీ అనాలనిపిస్తే అనండి. నేను నన్ను రోజూ అనుకునేదే అది.

ముందు నా కోపం సంగతి చెప్పాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నోటికంటే చెయ్యి ముందు లేస్తుంది. అంగడికి వచ్చి పది రకాలు దింపించి ఏమీ కొనకుండా పోయే ఆడవాళ్ళను వీధి చివరిదాకా వినబడేలా తిట్టిన దాన్ని. మా ఆయన మెత్తని మనిషి, నేను అరవడం మొదలుపెడితే లోపలికి వెళ్ళి పెట్టెలు సర్దుకుంటాడు. ఈ కోపం మా నాన్న ఇచ్చిన ఆస్తి. నాన్నది చేతిమగ్గం. నేతలో పోగు తెగితే అమ్మను కొట్టేవాడు. పోగు తెగకపోయినా కొట్టేవాడు. అప్పుడు మా అవ్వ ఏం చేసేదో తెలుసా? కోడలిని విడిపించేది కాదు. లేచి వెళ్ళి మగ్గం మీద కూర్చుని టకటకా నేసేది. వీధిలో పోయేవాళ్ళకు మగ్గం చప్పుడే వినబడాలి. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలి. నేనూ మా తమ్ముడు మంజూ గోడవార నిలబడి చూసేవాళ్ళం. మంజు నాన్న చేతిని చూసి నేర్చుకున్నాడు. నేను అవ్వను చూసి నేర్చుకున్నాను. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మంజు పెళ్ళాం పేరు నాగవేణి. హిందూపురం దగ్గరి పిల్ల. నాన్న పోయాక చేతిమగ్గం తీసేసి మరమగ్గాలు పెట్టాలన్నప్పుడు ఒంటి మీది నగలన్నీ ఊడ్చి ఇచ్చింది ఆ పిల్ల. మా మంజు చేతిలో ఏముందని? నేల నాన్నది, మగ్గాలు నాగవేణివి, అంతే లెక్క. తెగిన పోగులు అతికేది, కూలివాళ్ళకు వండిపెట్టేది, రంగు వేసిన పట్టు మోసుకొచ్చేది. పిల్లలు కలగలేదు. దానికీ దెబ్బలు తినింది. నేను వెళ్ళినప్పుడల్లా చెంప కందిపోయి కనబడేది. పసుపు నూరి రాసేదాన్ని. "సర్దుకో తల్లీ, మొగోళ్ళు అంతే" అనేదాన్ని. ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికే అన్నారా? నా మాట అయినా వాడు వింటాడేమోనని ఆమె నావైపు చూసేది. నేను మంజును ఒక్కసారీ గట్టిగా అడగలేదు.

ఎందుకు అడగలేదు? ఇది నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. జవాబు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. నాకు ఆమె మీద కుళ్ళు. నాన్న నా పెళ్ళిలో పదిమందిలో చెప్పాడు, "నీకు పసుపు కుంకుమ కింద ఒక మగ్గం ఇస్తానమ్మా" అని. ఇవ్వలేదు. ఇల్లూ నేలా కొడుక్కే పోయాయి. ఆ నేల మీద ఎవరో హిందూపురం పిల్ల యజమానురాలిలా తిరుగుతుంటే నా కడుపు మండేది. పసుపు రాస్తూనే మండేది.

ఒకరోజు ఆమె దెబ్బలు పడలేక చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. విడాకులకు వేస్తుందని కబురు వచ్చింది. మంజు వకీలు దగ్గరికి పోతూ నన్నూ తోడు తీసుకెళ్ళాడు. వకీలు నెమ్మదైన మనిషి. కోర్టు భార్యాభర్తలిద్దరి చేతా ఆస్తులన్నీ ప్రమాణం మీద రాయించుకుంటుందనీ, మంజు పేర షెడ్డు ఉంటే చూపించాల్సిందేననీ, అప్పుడు ఆమె నగలు అందులో ఉన్నాయన్న వాదన గట్టిగా నిలుస్తుందనీ చెప్పాడు. ముందుగానే ఎవరికైనా ఇచ్చేస్తే, పెళ్ళానికి ఎగ్గొట్టడానికి చేశావంటారు, ఇచ్చినందుకు నమ్మదగ్గ కారణం కనబడాలి అన్నాడు. అంతకుమించి ఆయన ఒక్క మాట అనలేదు. మిగతాదంతా నాదే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మంజు కిటికీ కడ్డీని పిడికిలితో గుద్దుతూనే ఉన్నాడు. దాని కాళ్ళు విరగ్గొడతానన్నాడు. నేను అన్నాను, "కాళ్ళిరగ్గొడితే షెడ్డు మిగులుతుందేమప్పా? నా పేర రాయి. పుట్టింటి పసుపు కుంకుమ అని చెప్దాం. నాయన చెప్పిన మాటే గదా." వాడు తల తిప్పి నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మొదటిసారి నన్ను తెలివైనదాన్నన్నట్టు చూశాడు. నాకు ఎంత గర్వమేసిందో!

మా ఇళ్ళలో పసుపు కుంకుమ కింద ఇచ్చినదాన్ని ఎవరూ ప్రశ్నించరు. పుట్టింటివాళ్ళు ఆడపిల్లకు పెట్టిన సొమ్ము, అడిగితే కళ్ళు పోతాయి. అయితే దానికొక పద్ధతి ఉంది. పళ్ళెం పట్టాల్సింది తమ్ముడు కాదు, తమ్ముడి పెళ్ళాం. ఇంటి కోడలు తన చేత్తో ఆడబిడ్డకు బొట్టు పెట్టి, పళ్ళెంలోవి కొంగులో పోస్తేనే అది పెట్టినట్టు. కోడలి చెయ్యి పడలేదంటే ఆ పెట్టుపోతకు విలువ లేదు. కాబట్టి నాగవేణి కావాలి. ఆమె చేతిలో పళ్ళెం ఉన్న ఫోటో కావాలి. ఫోటో ఉంటే రేపు కోర్టులో ఆమె ఏమన్నా చెల్లదు. ఈ ఆలోచన కూడా నాదే. మంజుకు అంత తెలివి లేదు.

అమావాస్య రోజు పెట్టుకున్నాం. అమావాస్యకు మగ్గాలు ఆడించకూడదని మావాళ్ళ పట్టింపు, కూలివాళ్ళు రారు. షెడ్లన్నీ మూసి ఉంటాయి, సందంతా నిశ్శబ్దంగా ఉంటుంది. చూసేవాళ్ళు లేరనే ఆ రోజు ఎంచుకున్నాం. అమావాస్యనాడు ఆడపిల్లకు పసుపు కుంకుమ ఎవరైనా పెడతారా అన్న ఆలోచన నాకు రాలేదంటే నమ్ముతారా? గాజులమ్ముకునే దాన్ని, ఏ రోజు ఏ పని చెయ్యాలో వచ్చినవాళ్ళందరికీ చెప్పే దాన్ని. దొంగబుద్ధి పుట్టాక తిథి ఎక్కడ గుర్తుంటుంది?

ఫోను నేనే చేశాను. "నీ చీరల పెట్టె అట్లే ఉండాది నాగవేణీ. కోర్టులెందుకు, వచ్చి మాట్లాడుకుందాం. నేనుంటాను గదా" అన్నాను. "నువ్వుంటే వస్తా వదినా" అంది.

వచ్చింది. నాకు మూర మల్లెపూలు కూడా తెచ్చింది. తలలో తనే పెట్టింది. అప్పుడైనా నా నోట్లోంచి "పో తల్లీ, వెనక్కి పో" అన్న మాట వచ్చి ఉండాల్సింది. రాలేదు.

షెడ్డులో పీట మీద పళ్ళెం ఉంది. పసుపు, కుంకుమ, టెంకాయ, రవిక గుడ్డ, మా అంగడి గాజులు. ఆమె చూసి ఆగిపోయింది. "అమావాస్య దినం పసుపు కుంకుమ యేంది? ఎవురికి?" అంది. నేను చెప్పాను. షెడ్డు నాకు రాస్తున్నాడు, నీ చేత్తో పెట్టి ఒక ఫోటో తీయించుకో, నీ చీరలు తీసుకొని పో అన్నాను. ఆమె నన్ను చూసింది, వాణ్ణి చూసింది. పళ్ళేన్ని కాలితో తన్నలేదు, అంత కోపంలోనూ కళ్ళకు అద్దుకొని పక్కకు జరిపింది. "ఈ మగ్గాల్లో నా నగలుండాయి వదినా. నా చేత్తో నేనిచ్చేది లేదు" అంది.

మంజు చెయ్యి విసిరాడు. అరచేతితో, చెవి మీద. ఆ చప్పుడు రేకుల కప్పుకు తగిలి తిరిగొచ్చింది. ఆమె పక్కకు పోయి మగ్గం ఇనుప చట్రం మీద పడింది. లేచేటప్పటికి పాపిట చీలి నెత్తురు కళ్ళలోకి కారుతోంది. అప్పుడు అరిచింది. అలాంటి అరుపు నేను మళ్ళీ వినలేదు. సందులో ఒక్క మగ్గం ఆడటం లేదు. ఆ అరుపు ఊరి చివరిదాకా పోతుంది.

నేను ఆమె వైపు వెళ్ళలేదు. గోడ మీది స్విచ్చుల బోర్డు వైపు వెళ్ళాను. అన్నీ వేసేశాను.

మరమగ్గం చప్పుడు మీరు వినివుండకపోతే ఎలా చెప్పను? పక్కనున్న మనిషి చెవిలో నోరు పెట్టి అరిస్తే తప్ప వినబడదు. నేల అదురుతుంది, పళ్ళు అదురుతాయి. ఆ చప్పుడు మధ్య వాడు ఆమెను కొడుతూనే ఉన్నాడు. కాలితో. తరువాత మూలనున్న కట్టె తీసుకున్నాడు. ఆమె చేతులు అడ్డం పెట్టుకుంది, గాజులు పగిలిపోయాయి, మా అంగడివే, పెళ్ళిలో నేను వేసినవే. ఆమె నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. నాకు ఒక్క శబ్దం వినబడలేదు. నేను బోర్డు దగ్గరే నిలబడ్డాను. చెయ్యి స్విచ్చుల మీదే ఉంది. ఆపాలంటే ఆపొచ్చు. ఆపి, మంజూ అని ఒక్క కేక వేయొచ్చు. వాడి జుట్టు పట్టుకొని వెనక్కి లాగొచ్చు, చిన్నప్పుడు ఎన్నిసార్లు లాగలేదు? నాకంత బలం ఉంది, అంత కోపమూ ఉంది. కానీ ఆ రోజు నా కోపం కూడా ఆమె మీదే. అదే చెప్పలేక ఇన్నేళ్ళు చచ్చాను. నాలో ఏదో ఒక మూల, కొట్టించుకో, నా నేల మీద నిలబడి నీదంటావా, అనుకుంటోంది. దేవుడా. అనుకున్నాను. అబద్ధం చెప్పలేను.

తలుపు అదరడం కనబడింది, బయట ఎవరో బాదుతున్నారు. మంజు ఆగాడు. నేను తలుపు కొంచెం తీసి అడ్డంగా నిలబడ్డాను. పక్క షెడ్డు ముసలాయన. "ఏమక్కా, అమావాస్య దినం మగ్గాలాడిస్తాండారు?" అని అరిచి అడిగాడు. "మోటారు చెడిపోయుండె, బాగుచేసి చూస్తాండాం అన్నా" అన్నాను. నవ్వుతూ అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

మగ్గాలు ఆపాక వచ్చిన నిశ్శబ్దం భరించలేకపోయాను. ఆమె గోడకు ఆనుకొని కూర్చుంది. సగం స్పృహలో ఉంది. నేను కొంగు తడిపి ముఖం తుడిచాను, నీళ్ళు తాగించాను. చెవిలోంచి సన్నగా నెత్తురు వచ్చింది, అదీ తుడిచాను. పాపిటలోంచి మాత్రం ఆగలేదు. పళ్ళెంలోని పసుపు తీసి అదిమిపెట్టాను. ఆగింది గానీ ఎర్రగా తడి కనబడుతోంది. అప్పుడు దాని మీద కుంకుమ పెట్టాను. నుదుటి దాకా దిద్దాను. ముత్తైదువలా కనబడింది.

పళ్ళెం ఆమె చేతుల్లో పెట్టి చెవి దగ్గర చెప్పాను, "పట్టుకో తల్లీ. ఒక్క ఫోటో. లేకుంటే వాడు చంపేస్తాడు." ఎంత ప్రేమగా చెప్పానో. ఆమె పట్టుకుంది. ఫోటో తీసింది మంజు. అందులో నేను కొంగు పట్టి నవ్వుతున్నాను, తలలో ఆమె తెచ్చిన మల్లెలు. ఆమె పళ్ళేన్ని చూడటం లేదు. నన్నే చూస్తోంది.

ఆమెను నేనే ఆటో ఎక్కించాను. షెడ్డులోకి తిరిగి వచ్చేసరికి మంజు ఒక మగ్గం దగ్గర తల పట్టుకొని నిలబడి ఉన్నాడు. పశ్చాత్తాపమేమో అనుకున్నాను. చూసేవాళ్ళు లేక పోగులు తెగి ఒక పట్టుచీర పాడైందట. దానికి బాధ. ఆ వారంలోనే రిజిస్టరు ఆఫీసుకు పోయి షెడ్డు నా పేర రాశాడు.

ఆ తరువాత ఆమె కోర్టుకు వెళ్ళింది. మంజు తనకు స్థిరాస్తి ఏమీ లేదని, అక్క షెడ్డులో కూలికి నేస్తున్నానని ప్రమాణం మీద రాసిచ్చాడు. నన్ను సాక్ష్యానికి పిలిచారు. నేను ఫోటో చూపించాను. కోడలు తన చేత్తో ఇష్టంగా పెట్టిందన్నాను. అందరూ ఫోటో చూశారు. పాపిట నిండా కుంకుమ.

నాగవేణి నిలబడి అరిచింది, "అమావాస్య దినం పసుపు కుంకుమ ఎవురైనా పెడ్తారా, అడగండి సామీ!" ఆమె తరఫు వకీలుకు ఆ మాట బలం అర్థమైందో లేదో, నన్ను అడిగాడు, మీలో అమావాస్యనాడు ఇస్తారా అని. ఆ ఒక్క ప్రశ్నకు నిజం చెబితే అంతా కుప్పకూలుతుంది. ఆ రోజే ఎందుకు, ఎవరూ లేకుండా ఎందుకు, అమావాస్యనాడు మగ్గాలు ఎందుకు ఆడాయి, అన్నీ బయటికొస్తాయి. నేను చేతులు జోడించి అన్నాను, "మా ఇంట్లో అట్లాంటి పట్టింపులు లేవు సార్. మనసు మంచిదైతే అన్ని దినాలూ మంచివే." వెనక ఎవరో మెచ్చుకోలుగా తల ఊపారు కూడా. దెబ్బల గురించి అడిగితే, మెట్టు మీద కాలు జారి పడిందని విన్నానన్నాను. పక్క షెడ్డు ముసలాయనను పిలవాలని ఎవరికీ తోచలేదు. ఆయన వచ్చిన సంగతి నాకూ మంజుకూ తప్ప ఎవరికీ తెలియదు.

విడాకులు వచ్చాయి. నెలనెలా బియ్యానికి చాలని భరణం వచ్చింది. షెడ్డు ఊసే లేదు. లేని ఆస్తిలో వాటా ఎలా ఇస్తారు?

బయట వరండాలో ఆమె నా కోసం నిలబడి ఉంది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది, నేనూ తిరిగి కొట్టేదాన్ని, లెక్క సరిపోయేది. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు నీ తమ్మునికి బయపడి చెప్పినావు. నాకు తెల్సు వదినా" అంది.

నేను కొంగు భుజం మీదికి లాక్కున్నాను.

"ఆ మనిషి మగ్గాలు వేసి నన్ను కొడ్తాంటే నువ్వేం చేస్తావు పాపం. తుడిచింది నువ్వొక్కదానివే. నేను మర్సిపోలా" అంది. ముఖం కొంచెం పక్కకు తిప్పి నా పెదాలనే చూస్తోంది, జవాబు కోసం. నేను చెయ్యి విడిపించుకొని మెట్లు దిగి వచ్చేశాను.

ఇదీ నా బరువు. అబద్ధపు సాక్ష్యం ఎంతోమంది చెబుతారు, తిని పడుకుంటారు. నేను అలాగే పడుకునేదాన్నేమో. ఆమె నన్ను తిట్టి ఉంటే నేనూ ఇంకో నాలుగు తిట్టి మరిచిపోయి ఉండేదాన్ని. జాలిపడింది. అది కూడా నేను చెయ్యని మంచికి, నేను చేసిన పాపం తెలియక. పాపిట్లో కుంకుమ పెట్టుకునేటప్పుడల్లా నా వేలు ఆగిపోయేది. మా ఆయన చూసి ఏమైందే అంటే, ఆయన మీద విరుచుకుపడేదాన్ని.

అప్పుడైనా షెడ్డు ఇచ్చేశానా? లేదు. ఇంకా సిగ్గుపడాల్సిన మాట ఇది. కేసు ముగిశాక మంజు షెడ్డు తిరిగి రాయమన్నాడు. నేను రాయనన్నాను. "పసుపు కుంకుమ కింద పెట్టింది ఎవురైనా వెనక్కి అడుగుతారేమప్పా?" అన్నాను. నాగవేణి కోసం దాచానని మీకు చెప్పుకోవచ్చు, చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అదంతా అబద్ధం. ఆశ. నాన్న మాట ఇచ్చి ఇవ్వని మగ్గం నాకు దక్కింది, వదలబుద్ధి కాలేదు.

మంజు బళేపేటకు వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, వీధి కిటకిటలాడుతోంది. గాజుల వరసలు రెండు చేతులతో లాగి నేలకేసి కొట్టాడు. నేను నోరు చేసుకున్నాను, వాడి చొక్కా పట్టుకున్నాను. వాడు అరచేతితో నా చెవి మీద కొట్టాడు. అదే దెబ్బ. గాజు పెంకుల మీద పడ్డాను. మోచేతుల్లో గుచ్చుకున్నాయి. కాలితో తన్నాడు. నేను "ఏమండీ" అని మా ఆయనను పిలిచాను. ఆయన వచ్చాడు. నన్ను లేపలేదు. గబగబా వెళ్ళి అంగడి షట్టరు కిందికి లాగేశాడు. వీధి చూస్తోందని. పరువు పోతుందని. ఆ చీకట్లో, పెంకుల మీద, నేను నా తమ్ముడి చేత తన్నులు తింటూ, మూసిన షట్టరునే చూస్తూ పడివున్నాను.

వాడు అలసిపోయి వెళ్ళాక మా ఆయన ఏడుస్తూ పసుపు తెచ్చాడు. ఆ గిన్నె తీసి గోడకేసి కొట్టాను. ఆయన మెత్తని మనిషి, ఏం చెయ్యాలో తోచక షట్టరు దించాడు. నేను బాగా తెలిసే మగ్గాలు వేశాను. తేడా ఉంది. అయినా నాకు తగిలితే గానీ ఆమె దెబ్బ నొప్పి నాకు తెలియలేదంటే, నేనేం మనిషినండీ?

చెవి వాపు తగ్గాక బెంగళూరు శివార్లలోని కాడుగోడికి వెళ్ళాను. నాగవేణి అక్కడ రైలు స్టేషను దగ్గరి బజారులో చిన్న అంగడి పెట్టుకుందని విన్నాను. చీరల కొంగులకు కుచ్చులు కడుతుంది, ఫాల్సు కుడుతుంది. ఆమె నన్ను చూసి లేచింది. "రా వదినా" అంది, ఏమీ జరగనట్టు. స్టూలు చూపించింది. వెనక ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు చీరలు పట్టుకొని నిలబడి ఉన్నారు. ఆమె ఒళ్ళో ఆకుపచ్చ చీర, వేళ్ళ మధ్య దారాలు. పాపిటలో వెంట్రుకలు మొలవని సన్నని గీత.

నేను ఆమె పక్కన కూర్చొని, నేల చూస్తూ చెప్పడం మొదలుపెట్టాను. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఎక్కడా ఆగలేదు. పసుపు కుంకుమ ఉపాయం నాది. నిన్ను పిలవమన్నది వాడు కాదు, నేనే పిలిచాను. మగ్గాలు వేసింది మంజు కాదు నాగవేణీ, నేను. నీ అరుపు ఎవరికీ వినబడకూడదని వేశాను. తలుపు కొట్టినాయనను నవ్వుతూ పంపించాను. నీకు తుడిచింది ఫోటో కోసం. కోర్టులో చెప్పింది భయపడి కాదు, ఆశపడి. అంతా చెప్పేశాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తల ఎత్తకుండా కూర్చున్నాను.

ఆమె చేతిలో ముడి పూర్తి చేసింది. దారం పళ్ళతో తెంపింది. అప్పుడు నా వైపు తిరిగి నవ్వింది.

"ఏమో చెప్తాండావు వదినా? ఆ చెవి పొయ్యి శానా దినాలాయ. ఈ పక్కకొచ్చి కూచో."

ఏమీ లేదు, బాగున్నావా అని అడిగానంతే, అన్న మాట నా నాలిక చివర సిద్ధంగా ఉంది. అది అంటే చాలు. ఆమె టీ తెప్పిస్తుంది, నేను తాగి బస్సెక్కుతాను, జాలి అలాగే ఉంటుంది. ఎవరు అడ్డం?

లేచాను. స్టూలు ఎత్తి అటుపక్క వేసుకున్నాను. ఆమె వినే చెవి దగ్గర, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను. ఈసారి ఆమె ముఖం చూస్తూ చెప్పాల్సి వచ్చింది. బజారు రొదలో వినబడాలని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. వెనకనున్న ఆడపిల్లలు మాటలు ఆపేశారు. పసుపు కుంకుమ ఉపాయం దగ్గర ఆమె చేతులు నెమ్మదించాయి. మగ్గాల దగ్గర ఆగిపోయాయి.

"మగ్గాలు నువ్వా?" అంది.

"నేనే."

ఒళ్ళో చీర మడిచి పక్కన పెట్టింది. ఆమె చెయ్యి లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆ చెయ్యి తన చెవి మీద ఉంది, ఆ పనిచెయ్యని చెవి మీద.

"కోర్టులో చెప్తావా?" అంది.

"చెప్తాను."

"చెప్పినాంక రా. అంతవరకూ ఈ మెట్టెక్కొద్దు. ఇంగ నేను నిన్ను వదినా అని పిలిచేది లేదు."

ఆ ఆడపిల్లలు దారి ఇచ్చారు. ఒకామె కొంగు నాకు తగలకుండా లాక్కుంది.

మంజు వకీలును కాకుండా వేరే వకీలును చూశాను. అబద్ధపు ప్రమాణానికి జైలు కూడా పడవచ్చన్నాడు. పడనీ అన్నాను. షట్టరు దించిన రోజు నుంచి మా ఆయనతో నాకు మాటలు లేవు. వకీలు దగ్గరికి వెళ్ళొచ్చిన రోజు ఆయనే పలకరించి, ఇంటి పరువు అన్నాడు. ఈసారి నేను అరవలేదు. మంజుకు తెలిస్తే మళ్ళీ వస్తాడు, కొడతాడు. షట్టరు ఇంకెవరూ దించకుండా పైనే బిగించి, తాళంచెవి నా నడుముకే కట్టుకుని తిరుగుతున్నాను. వస్తే రానీ, బళేపేట అంతా చూడనీ.

ఆమె నన్ను క్షమించలేదు. అడగడానికి నాకు ముఖమూ లేదు. ఇన్నేళ్ళుగా నామీద ఆమె పెట్టుకున్న జాలి నాది కాదు, దొంగసొత్తులా దాచుకున్నాను. దాన్ని ఆ రోజు కాడుగోడిలో ఇచ్చేశాను. షెడ్డు ఇంకా ఇవ్వాలి.